‘అవి మందులు కావు కదండీ!’

*రక్తం గడ్డకట్టకుండా రోజూ బిళ్ల వేసుకునే మనిషి ఉన్న ఇంట్లోకి ఫుడ్ సప్లిమెంట్ల సీసా వస్తే...*

పొద్దున్నే వాష్‌బేసిన్ దగ్గర పళ్లు తోముకుంటున్న పెద్దాయన నురుగు ఉమ్మి, కిందికి చూసి ఆగిపోయారు. నురుగు తెల్లగా లేదు. నోరు పుక్కిలించారు. మళ్లీ ఎరుపే. నాలుగు రోజుల కిందట మోచేతి దగ్గర చిన్న కమిలిన మచ్చ కనిపించింది. మంచం కోడు తగిలిందేమోలే అని ఊరుకున్నారు. చొక్కా చెయ్యి పైకి మడిచి చూసుకుంటే, ఆ మచ్చ ఇప్పుడు అరచేయంత అయింది.

సాయంత్రానికి గుండె డాక్టరు ముందు కూర్చున్నారు. బల్ల మీద రక్తపరీక్ష కాగితం. రెండుకీ మూడుకీ మధ్య ఉండాల్సిన ఐఎన్ఆర్ ఏడు దాటింది.

“బిళ్ల డోసు ఏమైనా మారిందా?”

“లేదండీ. మీరు రాసిందే. రాత్రి ఎనిమిదింటికి, గడియారం చూసుకుని మరీ వేసుకుంటాను.”

“కొత్తగా వేరే మందులేమైనా?”

“ఏమీ లేవండీ.”

పక్కన కూర్చున్న ఆయన భార్య గొంతు తగ్గించి అందుకున్నారు. “మొన్న అబ్బాయి వచ్చినప్పుడు తెచ్చిన గొట్టం మాత్రలు వేసుకుంటున్నారండీ. మోకాళ్లకని పసుపువి, గుండెకని చేపనూనెవి. నెల కావస్తోంది.”

పెద్దాయన ముఖంలో నిజమైన ఆశ్చర్యం. “అవి మందులు కావు కదండీ! అక్కడ కిరాణా సామాన్లతో పాటే అమ్ముతారట.”

ఇది ఏ ఒక్క ఇంట్లోనో జరిగింది కాదు. ఎన్నో ఇళ్లలో జరిగేదాన్ని ఒక చోట చేర్చి చెప్పిన దృశ్యం. ఊరు మారవచ్చు, సీసా మీది పేరు మారవచ్చు. ‘అవి మందులు కావు కదా’ అన్న మాట మాత్రం మారదు. ఈ కథనం ఆ మాట గురించే.

కోవిడ్ వచ్చి వెళ్లాక మన ఇళ్లలో మాత్రల డబ్బా పక్కన మరో డబ్బా చేరింది. రోగనిరోధక శక్తికి ఒకటి, ఎముకలకు ఒకటి, జుట్టుకు ఒకటి, జ్ఞాపకశక్తికి ఒకటి. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో పిల్లలు వస్తే సూట్‌కేసులో బాదంపప్పు, చాక్లెట్లతో పాటు వందల గొట్టాలు పట్టే పెద్ద సీసాలు. వాటిలో ఉన్నది ప్రేమ. దూరంగా ఉన్నామన్న బెంగకు బిడ్డలు వెతుక్కున్న దారి అది. అందుకే ‘నాకు వద్దురా’ అనడానికి తల్లిదండ్రులకు మనసొప్పదు.

గడ్డిలో దొరికిన మందు

‘చెట్ల నుంచి తీసిందే కదా, మంచి చేయకపోయినా చెడు చేయదు’ అనేవాళ్లకు ముందుగా ఒక పశువుల కథ చెప్పాలి.

1920లలో అమెరికా ఉత్తర ప్రాంతంలో, కెనడాలో పశువులు అంతుపట్టని జబ్బుతో చనిపోవడం మొదలైంది. కొమ్ము కోస్తే రక్తం ఆగేది కాదు. చిన్న గాయమైనా అంతే. బూజుపట్టిన స్వీట్ క్లోవర్ అనే పచ్చిమేత గడ్డి తిన్నవాటికే ఇలా అవుతోందని పశువైద్యులు గమనించారు. గడ్డిలో ఉన్నది ఏమిటో మాత్రం తేలలేదు.

1933 ఫిబ్రవరిలో ఒక శనివారం. విస్కాన్సిన్ రాష్ట్రంలో మంచు తుపాను. ఎడ్ కార్ల్సన్ అనే రైతు చచ్చిపోయిన పెయ్యను, పాడైన గడ్డిని, పాలక్యాను నిండా గడ్డకట్టని రక్తాన్ని ట్రక్కులో వేసుకుని సుమారు 300 కిలోమీటర్లు నడుపుకుంటూ మాడిసన్‌లోని విశ్వవిద్యాలయానికి చేరాడు. ఆ రోజు తలుపు తెరిచి ఉన్నది కార్ల్ లింక్ అనే రసాయన శాస్త్రవేత్త ప్రయోగశాల ఒక్కటే. ఆ గడ్డిలో ఉన్నది ఏమిటో తేల్చడానికి లింక్ బృందానికి ఆరేళ్లు పట్టింది. 1939లో దాన్ని విడదీశారు. గడ్డిలో సహజంగా ఉండే కూమరిన్ బూజు వల్ల డైకూమరాల్‌గా మారుతోంది. అదే రక్తాన్ని గడ్డకట్టనివ్వడం లేదు.

ఆ అణువునే మెరుగుపరిచి చేసినది వార్ఫరిన్. 1948లో ఎలుకల మందుగా బజారులోకి వచ్చింది. 1954లో మనుషుల మందుగా అనుమతి పొందింది. ఆ మరుసటి ఏడు గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు వైద్యులు అదే ఇచ్చారు. మన దగ్గర ఎక్కువగా రాసే అసినోకూమరాల్, అంటే చాలామంది ‘అసిట్రాం’ అని పిలుచుకునే చిన్న బిళ్ల, ఆ కుటుంబంలోదే.

అంటే, మన పెద్దాయన రాత్రి ఎనిమిదింటికి వేసుకునే ‘ఇంగ్లీషు మందు’ మూలం కూడా గడ్డే. గడ్డికి ఆవును చంపే శక్తి, మనిషిని బతికించే శక్తి రెండూ ఉన్నప్పుడు, పసుపు గొట్టానికో వెల్లుల్లి గొట్టానికో ఏ శక్తీ లేదని ఎలా అనుకుంటాం? పని చేస్తుందన్న నమ్మకంతోనే కదా కొన్నాం. మోకాలి దగ్గర పని చేసేది రక్తం దగ్గరికి వచ్చేసరికి చేతులు కట్టుకుని కూర్చోదు.

ముల్లు నిలబడాల్సిన చోటు

రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని ప్రొటీన్లను కాలేయం తయారుచేస్తుంది. ఆ తయారీకి విటమిన్ కె కావాలి. డెన్మార్క్ శాస్త్రవేత్త హెన్రిక్ డామ్ కోడిపిల్లల మీద ప్రయోగాలు చేస్తూ దీన్ని కనుగొన్నారు. గడ్డకట్టడం అన్న అర్థమిచ్చే మాట డేనిష్, జర్మన్ భాషల్లో ‘కె’ అక్షరంతో మొదలవుతుంది, ఆ పేరు అలా వచ్చింది. ఈ పనికి 1943 నోబెల్ బహుమతి దక్కింది. వార్ఫరిన్, అసినోకూమరాల్ చేసేది ఈ విటమిన్ పనికి అడ్డుపడటమే.

కాబట్టి ఇది త్రాసు లాంటి వ్యవహారం. ఒక పళ్లెంలో బిళ్ల, రెండో పళ్లెంలో విటమిన్ కె. ముల్లు ఎక్కడుందో చెప్పేది ఐఎన్ఆర్. ఈ బిళ్ల వాడనివారికి అది ఒకటి దగ్గర ఉంటుంది. గుండె లయ తప్పినవారికి, కాలి సిరలో గడ్డ కట్టినవారికి సాధారణంగా 2 నుంచి 3 మధ్య ఉంచుతారు. మైట్రల్ స్థానంలో లోహపు వాల్వు వేసినవారికి ఇంకొంచెం పైన, 2.5 నుంచి 3.5 దాకా. ఇంత సన్నని గీత మీద ఏళ్ల తరబడి నడిచే మనిషి చేతిలో ఎవరో కొత్త బరువు పెడితే ఏమవుతుందో వేరే చెప్పాలా?

పోపుల పెట్టె వేరు, సీసా వేరు

పసుపు మనకు పరాయిది కాదు. దుగ్గిరాల, నిజామాబాద్ మార్కెట్లు దాని పేరు మీదే బతికాయి. పప్పులో, పులుసులో, దెబ్బ మీద, పెళ్లిలో పసుపే. ‘తరతరాలుగా తింటున్నాం, మాకేమవుతుంది?’ అన్న ప్రశ్న న్యాయమైనదే. జవాబు లెక్కలో ఉంది.

> ఒక గొట్టంలో ఎంత పసుపు?
> వంటింటి పసుపులో కర్క్యుమిన్ నూటికి సుమారు 3 పాళ్లు. బజారులో దొరికే 500 మిల్లీగ్రాముల గొట్టాల్లో చాలావాటిలో అది 95 పాళ్లు. అంటే ఒక్క గొట్టం దాదాపు 15 గ్రాముల పసుపు పొడితో సమానం. టీ చెంచాతో కొలిస్తే అయిదు చెంచాలు. రోజుకు రెండు గొట్టాలంటే పది చెంచాలు. ఏ ఇల్లాలూ ఒక మనిషి విస్తట్లో అంత పసుపు వేయదు.

పైగా, ఆ గొట్టాల్లో మిరియాల నుంచి తీసిన పైపరిన్ కలుపుతారు. కర్క్యుమిన్ ఒంటికి అంత తొందరగా పట్టదు, పైపరిన్ దాన్ని పట్టేలా చేస్తుంది. మందులను విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైముల పనిని కూడా అదే నెమ్మదింపజేస్తుంది. న్యూజిలాండ్‌లో వార్ఫరిన్ మీద నిలకడగా ఉన్న ఒక రోగి పసుపు సప్లిమెంటు మొదలుపెట్టిన కొన్ని వారాలకే ఐఎన్ఆర్ 10 దాటింది. 2018లో ఆ దేశపు మందుల నియంత్రణ సంస్థ మెడ్‌సేఫ్ దీని మీద ప్రజలను హెచ్చరించింది.

అన్నీ ఒకే స్థాయి ప్రమాదం కావు. ఈ తేడా చెప్పకుండా అందరినీ భయపెట్టడం కూడా తప్పే. చేపనూనె మామూలు మోతాదులో పెద్దగా ఇబ్బంది చేసిన దాఖలాలు తక్కువ. రోజుకు మూడు గ్రాములు మించితేనో, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ లాంటివాటికి తోడైతేనో జాగ్రత్త పడాలి. వెల్లుల్లి రెబ్బ రసంలో పడితే ఫరవాలేదు. దాని సారం గట్టిగా దట్టించిన గొట్టం ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కోవడాన్ని తగ్గిస్తుంది. జ్ఞాపకశక్తికని అమ్మే జింకోదీ అదే తోవ. విటమిన్ ఇ 400 యూనిట్లు, అంతకు మించి ఉన్న గొట్టాలను డాక్టరును అడగకుండా ముట్టుకోకూడదు. ఇవన్నీ విడివిడిగా చిన్నవే. మన ఇళ్లలో ఎవరూ ఒకటే వేసుకోవడం లేదు, అదీ చిక్కు.

డెంగీ రోజుల్లో బొప్పాయి ఆకు రసం, దాని మాత్రలు ప్రతి వీధిలో తిరుగుతాయి. రక్తం పలచబడే మందు వాడేవారికి డెంగీ వస్తే ప్రశ్న ఆకు రసం తాగాలా వద్దా అన్నది కాదు. ప్లేట్‌లెట్లు పడిపోతుంటే ఆ బిళ్ల కొనసాగించాలా అన్నది. అది ఆ రోజే డాక్టరు తేల్చాల్సిన విషయం.

గుండెలో టిక్కుటిక్కు ఆగితే

ఇంతవరకూ చెప్పింది రక్తం కారే వైపు. ముల్లు రెండో వైపు మొగ్గితే రక్తం గడ్డకడుతుంది. దీని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. నా దృష్టిలో మన పల్లెల్లో ఎక్కువ ప్రమాదం ఇటువైపే.

చిన్నప్పుడు గొంతునొప్పి, జ్వరం, కీళ్లవాపు వచ్చి పోయి, లోపల గుండె కవాటాలను తినేసిన రుమాటిక్ జబ్బు మనవాళ్లలో చాలామందిది. వారిలో పేదలు, ఆడవాళ్లు ఎక్కువ. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఇలాంటి గుండె ఆపరేషన్లను పేద ఇళ్ల గడప దాకా తెచ్చింది. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసి, 1990 డిసెంబరులో తొలిసారి మనిషికి అమర్చిన చిత్రా వాల్వు మన దేశంలో వేలమంది గుండెల్లో కొట్టుకుంటోంది. వాల్వు వచ్చింది, ప్రాణం నిలిచింది. ఆ తర్వాత జీవితాంతం బిళ్ల, నెలనెలా పరీక్ష. కూలి పోగొట్టుకుని బస్సెక్కి టౌనుకు వెళ్లి రక్తం ఇచ్చి రావడం ఆ మనిషికి ఎంత భారమో బయటివాళ్లకు తెలియదు.

లోహపు వాల్వు ఉన్నవారికి రాత్రి నిశ్శబ్దంలో తమ గుండె టిక్కుటిక్కుమనడం వినిపిస్తుంది. పక్కన పడుకున్నవాళ్లకూ వినిపిస్తుంది. మొదట్లో నిద్ర పట్టనివ్వని ఆ చప్పుడు తర్వాత ధైర్యమవుతుంది. ఒక రోజు అది మందగించిందంటే, దానికి ఆయాసం తోడైందంటే, వాల్వు మీద గడ్డ కట్టి అది బిగుసుకుంటోందేమోనని అనుమానించి అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

ఇలాంటి మనిషి నీరసంగా ఉందని ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరికో మందుల షాపుకో వెళ్తే ‘బలానికి’ అని క్యాల్షియం బిళ్లలు చేతిలో పెడతారు. ఇప్పుడు వస్తున్న క్యాల్షియం, డి3 బిళ్లల్లో చాలావాటిలో ‘కె2-7’ కూడా ఉంటోంది. ఎముకలకు మంచిదని కలుపుతున్నారు. అది విటమిన్ కె లోనే ఒక రకం, రక్తంలో రోజుల తరబడి నిలిచేది. రోజుకు 50 మైక్రోగ్రాములు వేసుకున్నా ఈ బిళ్లల పనికి అడ్డు తగలవచ్చని నెదర్లాండ్స్ పరిశోధకులు 2007లోనే చెప్పారు. అసిట్రాం వాడేవారికి క్యాల్షియం కావాలంటే కె లేనిది రాయించుకోవచ్చు. అట్ట వెనక చదివి ఇచ్చేవాళ్లు ఒక్కరుంటే చాలు.

మునగాకు పొడి, గోధుమగడ్డి రసం, ‘గ్రీన్స్’ పేరుతో వచ్చే పొడులదీ ఇదే దారి. అయితే ఇక్కడ ఒక అపోహ తొలగించాలి. ‘అసిట్రాం వాడేవాళ్లు ఆకుకూరలు తినకూడదు’ అని ఎందరో పూర్తిగా మానేస్తున్నారు. అది తప్పు. తోటకూర, పాలకూర, మునగాకు అన్నిట్లో విటమిన్ కె దండిగా ఉంది. అయినా వారం వారం దాదాపు ఒకే కొలతలో తింటే డాక్టరు ఆ తిండికి తగ్గట్టే డోసు కుదురుస్తారు. హఠాత్తుగా మారడమే ప్రమాదం. ఆషాఢం వచ్చిందని వరుసగా మునగాకు వండటం, ఉపవాసాల నెలలో తిండి సగం చేయడం, ఎవరో చెప్పారని ఒకేసారి ఆకుకూరలన్నీ ఆపేయడం, మూడూ ముల్లును కదిలిస్తాయి. ఏ కూరలో ఎంత ఉందో తెలుసుకోవాలంటే మన హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 528 భారతీయ ఆహారాలను విశ్లేషించి 2017లో వెలువరించిన పట్టికల్లో విటమిన్ కె1 లెక్కలూ ఉన్నాయి.

కూతురి పురిటికని ఆరు నెలలు అమెరికా వెళ్లే అమ్మల సంగతి మరీ కష్టం. ఇక్కడి నుంచి బిళ్లలు కట్టి తీసుకెళ్తారు, పరీక్ష మాత్రం ఆగిపోతుంది. అక్కడ ఇన్సూరెన్సు లేకుండా ల్యాబుకు వెళ్లాలంటే పిల్లలకు ఖర్చు పెట్టించాలన్న మొహమాటం. తిండి మారుతుంది, కేల్ ఆకు సలాడ్లు వస్తాయి, అల్లుడుగారి మల్టీవిటమిన్ రోజుకొకటి అమ్మకూ వస్తుంది. ప్రయాణానికి ముందే అక్కడ నెలకోసారి పరీక్ష ఎలా చేయించాలో మాట్లాడుకోవాలి. టికెట్‌తో పాటు కుదుర్చుకోవాల్సిన పని అది.

> ఆలస్యం చేయకూడని గుర్తులు
> పది నిమిషాలు నొక్కిపట్టినా ఆగని ముక్కురక్తం. తారులా నల్లటి మలం. ఎర్రటి మూత్రం. కారణం లేకుండా ఒళ్లంతా కమిలిన మచ్చలు. తలకు దెబ్బ తగలడం, పైకి ఏమీ కనిపించకపోయినా సరే. ఎన్నడూ లేనంత తలనొప్పి. మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒక వైపు చెయ్యి కాలు పడిపోవడం. ఇందులో ఏది కనిపించినా రేపటిదాకా ఆగొద్దు. వాడుతున్న బిళ్ల పేరు ఆస్పత్రిలో మొదటి మాటగా చెప్పండి.

కొత్త బిళ్లలు, కొత్త ధీమా

అపిక్సబాన్, రివరాక్సబాన్, డాబిగాట్రాన్ లాంటి కొత్త మందులు వచ్చాక ఐఎన్ఆర్ కోసం తిరిగే బాధ చాలామందికి తప్పింది. ఇవి విటమిన్ కె మీద ఆధారపడవు కాబట్టి మునగాకు భయమూ లేదు. లోహపు వాల్వు ఉన్నవారికి మాత్రం ఇవి పనికిరావు. వీటితో మరో చిక్కు ఉంది. పరీక్ష లేదు కాబట్టి సప్లిమెంటు వల్ల తేడా వస్తే కాగితం మీద కనిపించదు. దిగులు తగ్గిస్తుందని అమెరికాలో విరివిగా అమ్మే సెయింట్ జాన్స్ వర్ట్ ఈ మందులను ఒంట్లోంచి త్వరగా బయటికి తోసేస్తుంది. బిళ్ల వేసుకుంటూనే ఉంటాం, రక్షణ ఉండదు. ఆ మూలికకు వార్ఫరిన్ కుటుంబంతోనూ పడదు.

స్టెంట్ వేయించుకుని ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వాడుతున్నవారు కూడా ఈ కథనం తమది కాదనుకోవద్దు. వాటి దారి వేరైనా రక్తం కారే ముప్పు ఒకటే. ఆపరేషన్ గానీ పన్ను పీకించుకోవడం గానీ ఉంటే, వేసుకుంటున్న సప్లిమెంట్ల సంగతి రెండు వారాల ముందే ఆ డాక్టరుకు తెలియాలి.

ఎందుకు చెప్పం?

డాక్టర్లు ‘మందులు’ అని అడుగుతారు. రోగులు ‘మందులు’ అని జవాబిస్తారు. ఇద్దరి నోట ఒకటే మాట, ఇద్దరి మనసులో వేరు వేరు అర్థం. మనకు మందు అంటే చేదుగా ఉండేది, చీటీ మీద రాసేది, జబ్బుకు వేసుకునేది. పొడి, రసం, గొట్టం, లేహ్యం, పసరు ఆ లెక్కలోకి రావు. చెబితే తిడతారేమోనన్న బెరుకు ఒకటి. బయట బెంచీ మీద ఇంకా నలభై మంది ఉన్నారన్న తొందర ఒకటి. డాక్టర్లకు ఇక్కడ ఒక విన్నపం. ‘మందులేమైనా వాడుతున్నారా’ అన్న దానికి బదులు ‘నోట్లో ఇంకేమేం వేసుకుంటున్నారు, ఎవరిచ్చారు’ అని అడగండి. చెప్పినవారిని కసురుకోకండి. ఒకసారి కసురుకుంటే ఆ మనిషి ఇంకెప్పుడూ చెప్పడు.

> డబ్బా వెనక్కి తిప్పండి
> మన దేశంలో ఆహార భద్రతా నిబంధనల ప్రకారం సప్లిమెంటు డబ్బా మీద ‘వైద్య అవసరానికి కాదు’ అని ముద్రించాలి. ఇతర మందులతో పొసగకపోతే, ఆ వివరాలు ప్రచురితమై ఉంటే, అదీ రాయాలి. అక్షరాలు చీమలంత ఉంటాయి. ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చదవండి. మందు వల్ల చెడు జరిగిందన్న అనుమానం ఉంటే భారత ఔషధ నిఘా కార్యక్రమం ఉచిత నంబరు 1800-180-3024కు చెప్పవచ్చు.

ఇది చదివి ఈ పూటే సీసాలన్నీ చెత్తబుట్టలో పడేయాలని కొందరికి అనిపించవచ్చు. ఆగండి. నెలల తరబడి వేసుకుంటున్న సప్లిమెంటుకు తగ్గట్టు డోసు కుదిరి ఉంటే, దాన్ని ఒక్కసారిగా మానేసినా ఐఎన్ఆర్ కదులుతుంది. ఆపడం కూడా డాక్టరుకు చెప్పి, వారం లోపు పరీక్ష చేయించుకుని చేయాల్సిన పని. ఇక రక్తం పలచబడే బిళ్లను మాత్రం ఎవరి మాట విని కూడా సొంతంగా ఆపకండి.

దూరాన ఉన్న కొడుకులూ కూతుళ్లూ, సీసా కొనే ముందు ఒక్క ఫోను చేయండి. “నాన్నా, మీ చీటీ ఒకసారి ఫొటో తీసి పంపండి” అని అడగండి. ఇంట్లో ఉన్నవాళ్లు, ఈసారి చెకప్‌కు వెళ్లేటప్పుడు ఒక చేతిసంచి తీసుకోండి. మాత్రల డబ్బాలో ఉన్నవి, ఫ్రిజ్ మీద ఉన్నవి, పూజగది గూట్లో ఉన్న లేహ్యం, అబ్బాయి తెచ్చిన సీసాలు, ఆచారిగారిచ్చిన పొట్లాలు అన్నీ అందులో వేయండి. డాక్టరుగారి బల్ల మీద ఆ సంచి బోర్లించి, “ఇవన్నీ వేసుకుంటున్నానండీ” అని చెప్పండి.